వంద మిల్లీబార్ల దగ్గర

నాలుగున్నరకి పెదవాల్తేరు ఇంకా లేవలేదు.
హైడ్రోజన్ గది తలుపు తీస్తే
గొట్టం పట్టుకుని బెలూను,
పాలు తాగే దూడలా తల విసురుతోంది.
ఈ గదిలోకి అగ్గిపుల్ల రాకూడదు, నైలాన్ చీర రాకూడదు.
పందొమ్మిదేళ్ళుగా నా ఒంటి మీద నూలే.

దారం చివర అరచేతంత పెట్టె.
వెంట్రుకంత తీగ ఒకటి, దానికి చలీ వేడీ తెలుస్తాయి.
మేడ మీద ఇరవై తొమ్మిది,
కొంగు పిండితే సముద్రం.
సింహాద్రప్పన్నకి చందనం వొలిచే రోజు
ఇంకో వారం ఉంది.
వదిలాను.

డాల్ఫిన్స్ నోస్ దీపం కిందకి జారిపోయింది.
గదిలో అంకెలు వచ్చి పడుతున్నాయి.
ఇరవై. పది. సున్నా.
సున్నా దగ్గర టీ గ్లాసు కింద పెడతాను,
ఎందుకో తెలీదు, అలవాటు.
విమానాలు తిరిగే వీధి దాటి
మైనస్ అరవై, డెబ్భై,
పదిహేడు కిలోమీటర్ల దగ్గర
మైనస్ ఎనభై రెండు.
అక్కడ చలి ఆగి, వెనక్కి తిరుగుతుంది.
ఆ పైన మళ్ళీ వెచ్చబడటమే,
అటక మీద ఎవరో పొయ్యి పెట్టినట్టు.

ఆ మధ్యన ఉన్నది గడప.
ఎంత బంగాళాఖాతం ఆవిరై ఎక్కినా
అక్కడ చెప్పులు విడవాల్సిందే,
తడంతా మంచు చేసి రాల్చి
పొడి ఒంటితో లోపలికి పోవాలి.

నా ఖాతా పుస్తకంలో
పుష్యంలో ఎనభై ఐదు,
శ్రావణంలో డెబ్భై ఎనిమిది,
రెంటికీ ముందు మైనస్ గీత.
కింద బీచ్ రోడ్డు తడిసి చల్లబడే వేళకి
పైన కాస్త కాక పుడుతుంది.
ఏడు డిగ్రీలు,
ఊళ్ళో ఎవరూ గొడుగు తెరవరు ఆ తేడాకి.

ఎండవల్లే అనుకునేదాన్ని కొత్తలో.
కృపానందం గారు కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు:
"మన సూర్యుడు కాదమ్మా.
ఎక్కడో ఉత్తరాన, మంచు దేశాల మీద
చలికాలం గాలులు అలలై పైకి కొట్టుకుంటాయి.
అవి లాగితే ఇక్కడి గాలి లేస్తుంది.
లేచిన గాలి ఒళ్ళు విరుచుకుంటుంది,
విరుచుకుని చల్లబడుతుంది.
చేదతాడు అక్కడ, బావి ఇక్కడ."
ఆయన రిటైరై పోయారు.
తాడు లాగే వాళ్ళని నేనింకా చూడలేదు.

ముప్ఫై కిలోమీటర్ల దగ్గర బెలూను గదంత ఉబ్బి పగులుతుంది.
పెట్టె సముద్రంలోకి.
నూటికి ఒకటి తిరిగొస్తే గొప్ప.
ఈసారి జాలారిపేట అర్జిల్లి దానయ్య తెచ్చాడు.
వేట నిషేధం రోజులు, మరబోట్లన్నీ హార్బర్లో కట్టేసున్నాయి,
తెప్ప మీద పోతే కవళ్ళతో పాటు వలలో పడిందట.

"ఏటమ్మా ఇది, బాంబు కాదు గదా?"
కాదు, చలి కొలిచి వచ్చిందన్నాను.
ఎంతన్నాడు. చెప్పాను.
మెడ మీద చెమట తువ్వాలుతో ఒత్తుకుని
చాలాసేపు పైకి చూశాడు.
"ఐసు ఫ్యాక్టరీ వోడు
దిమ్మకి రెండొందలు అడుగుతున్నాడు.
అంత సలి ఊరికే పైన పడుందా?
ఎంత దూరవేటి?"
గాజువాకంత, అన్నాను.
"అంతేనా!" అని నవ్వాడు.
"బస్సెక్కితే ముప్పావుగంట."

నాకు నవ్వు రాలేదు మొదట.
పందొమ్మిదేళ్ళు ఆ చలిని అంకెల్లో మోశాను గానీ
దాని మీద చేపలు పెట్టొచ్చని తోచలేదు.

సాయంత్రం ఇంకోటి వదులుతామంటే ఉండిపోయాడు.
బీడీ కట్టా అగ్గిపెట్టే గేటు దగ్గర పెట్టించాను.
దారం తనే పట్టుకుంటానన్నాడు,
చేపని తూచినట్టు రెండు వేళ్ళతో గుంజి చూసి
గాలి ఎటుందో నన్నడక్కుండానే తిరిగి నిలబడ్డాడు.
వదిలేటప్పుడు ఏదో అన్నాడు,
తెప్ప తోసేటప్పుడు అనే మాట కావచ్చు,
అలల చప్పుడులో నాకు వినపడలేదు.

లోపలికొచ్చి కూచున్నాను.
ముప్ఫై మూడు.
ముప్ఫై ఒకటి.